కాటా గదిలో కొత్త కార్డు

నరసరావుపేట

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

అక్క మోకాలి నెప్పి ఎట్లా ఉందో ఈసారన్నా సరిగ్గా రాయి. తననే అడిగితే "బానే ఉంది" తప్ప రెండో మాట రాదు.

ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగం లారీ హారన్లలో కలిసిపోయింది. విన్నంతలో నాకు అర్థమైంది ఇదీ. మీ పిడుగురాళ్ళ కాటా గదిలో ఉన్న పాత కంప్యూటర్‌కి సాటా కార్డు తెచ్చి బిగించావు. దానికి కొత్త డిస్కు తగిలిస్తే కంప్యూటర్ లేవలేదు. ఏవో సెట్టింగులు మార్చాక పాత డిస్కు మీద లేచింది గానీ కొత్త డిస్కు కనపడట్లేదు. పైగా ఇప్పుడు తెర మీద లారీ బరువు కూడా రావట్లేదు. "కార్డే పాడుది మామయ్యా, తిరిగిచ్చేస్తా" అన్నావు. అప్పుడే ఇవ్వమాకు. ఇవి మూడూ మూడు వేరువేరు జబ్బులు. ఒక్కటన్నా కార్డు చెడిపోవడం వల్ల వచ్చిందని నాకనిపించట్లేదు.

అసలు ఈ పని ఎందుకు పెట్టుకున్నావని మీ కాటా ఓనరుగారు నిన్ను కోప్పడ్డారట. నేనైతే నీ పక్షమే. ఆ పాత ఐడీఈ డిస్కు టకటకా కొట్టుకుంటుంటే ఇంక ఎన్నాళ్ళో ఆగదు. ఐడీఈ హార్డ్ డిస్కులు కొత్తవి ఎవరూ తయారు చెయ్యట్లేదు, దొరికేవి చాలావరకు సెకండ్ హ్యాండే. కొత్త కంప్యూటర్ కొంటే పోలేదా అంటారు తెలియనివాళ్ళు. మీ కాటా ప్రోగ్రాం ఎక్స్‌పీ కాలంలో రాసింది. బరువు సీరియల్ పోర్టు నుంచి చదువుతుంది, స్లిప్పు ప్యారలల్ పోర్టు మీద ఉన్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పంపుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఈ రెండు పోర్టులూ ఉండవు. ప్రోగ్రాం రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కాబట్టి పాత బోర్డుకి కొత్త డిస్కు పెట్టుకోవడమే ప్రస్తుతానికి దారి, ఆ డిస్కుకి పాత బోర్డు మీద చోటు లేదు గనక కార్డు తప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. కార్డుని స్లాట్లో గుచ్చి స్క్రూ బిగించినంత మాత్రాన అది ఆ కంప్యూటర్‌లో చేరినట్టు కాదు. దాని సంగతి మూడు చోట్ల తెలియాలి: కంప్యూటర్ లేవగానే ముందు నడిచే బయాస్‌కి, విండోస్‌కి, చివర్న మీ ప్రోగ్రాంకి. ఒకరికి తెలిస్తే మిగతా ఇద్దరికీ తెలిసినట్టు కాదు. బయాస్‌కి కనపడుతున్న డిస్కు విండోస్‌కి కనపడకపోవచ్చు, విండోస్‌కి కనపడుతున్న పోర్టు ప్రోగ్రాంకి అందకపోవచ్చు. "పనిచెయ్యట్లేదు" అనే ముందు, ముగ్గురిలో ఎవరి దగ్గర ఆగిందో తేల్చుకో.

నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఇదంతా చేత్తో చెయ్యాల్సి వచ్చేది. 386, 486 కంప్యూటర్లలో హార్డ్ డిస్కు, ఫ్లాపీ, ప్రింటర్, సీరియల్ పోర్టులకి కంట్రోలర్ చాలావరకు మదర్‌బోర్డు మీద ఉండేది కాదు, మల్టీ ఐ/ఓ కార్డని విడిగా ఉండేది. దాని మీద వరసగా చిన్న చిన్న జంపర్లు. ఏ జంపర్ తీస్తే ఏమవుతుందో చెప్పే కాగితం పోతే ఆ కార్డు ఇంక అక్కరకు రానట్టే. డాస్‌లో తెలుగు కనపడాలన్నా ఎక్కువగా కార్డే దిక్కు. సి-డాక్ వాళ్ళు తెచ్చిన జిస్ట్ కార్డు స్లాట్లో కూర్చుంటే తెర మీద అక్షరం వచ్చేది. ఇప్పుడు ఫోన్లో వేలితో తెలుగు కొట్టే నీకు ఇది కట్టుకథలా ఉంటుంది.

ఆ జంపర్లతో మేం ముఖ్యంగా తేల్చేవి రెండు: చిరునామా, ఇంటరప్ట్. చిరునామా అంటే ప్రాసెసర్ ఆ కార్డుతో మాట్లాడే పోర్టు నంబరు. ఇంటరప్ట్ అంటే "నా దగ్గర పని ఉంది, ఇటు చూడు" అని కార్డు ప్రాసెసర్‌ని పిలిచే తీగ. పీసీలో ఆ తీగలు 0 నుంచి 15 దాకా, మొత్తం 16. అందులో 0 టైమర్‌ది, 1 కీబోర్డుది, 2 రెండో చిప్పుని కలపడానికి పోయింది. 3 కామ్ 2 అనే సీరియల్ పోర్టుకి, 4 కామ్ 1 కి, 6 ఫ్లాపీకి, 7 ప్రింటర్‌కి, 8 గడియారానికి, 12 మౌస్‌కి, 13 లెక్కల చిప్పుకి, 14, 15 ఐడీఈకి. మిగిలినవి 5, 9, 10, 11. కొత్తగా వచ్చిన ప్రతి కార్డూ ఆ నాలుగింటి మీదే పడేది. మన సాగర్ కుడి కాలవ మేజరు మీద నీటి వంతులున్నట్టే ఇదీ: నీ వంతు నడుస్తుండగా ఇంకోడు తూము ఎత్తితే ఇద్దరి చేలకీ నీళ్ళు సరిగా పారవు. సౌండ్ కార్డు 7 మీద కూర్చుంటే పాట వస్తుండగా ప్రింటర్ ఆగిపోయేది, ఆ రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టేది కాదు.

తర్వాత పీసీఐ వచ్చింది, 1992లో ఇంటెల్ తెచ్చింది. 1995లో విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చింది. జంపర్లు పోయాయి. కంప్యూటర్ లేచేటప్పుడు బయాసే ఒక్కో స్లాట్‌నీ పలకరించి, ఎవరికి ఏ చిరునామా, ఏ ఇంటరప్ట్ ఇవ్వాలో పంచిపెడుతుంది. పీసీఐలో ఒకే ఇంటరప్ట్‌ని ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు కూడా. కాబట్టి డివైస్ మేనేజర్‌లో నీ కార్డుకీ, యూఎస్‌బీకీ ఒకటే నంబరు కనపడితే కంగారు పడమాకు. అది తగాదా కాదు. తగాదా వచ్చేది పాతకాలం పరికరాలతోనే. కామ్ పోర్టు, ప్యారలల్ పోర్టు ఇంకా ఆ పాత నంబర్ల మీదే బతుకుతున్నాయి. మీ కాటా మొత్తం ఆ రెండు పోర్టుల మీదే ఆధారపడింది, అదీ తిరకాసు.

నువ్వు చెయ్యాల్సింది వరసగా రాస్తాను. వరస తప్పమాకు. ఈ రెండు మూడు రోజులూ స్లిప్పులు చేత్తో రాసుకోండి, కాటా ఇండికేటర్ మీద అంకె కనపడుతూనే ఉంటుంది కదా.

మొదట కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ గోడ నుంచి పీకెయ్. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కిపట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. కార్డు తీసి చూడు. మీ ఊరి సున్నపు బట్టీల పొడి సంగతి నీకు చెప్పక్కర్లేదు. అది మామూలు దుమ్ము కాదు, తేమ తగిలితే గట్టిగా పట్టేస్తుంది. స్లాట్‌ని మెత్తటి కుంచెతో దులుపు, నోటితో ఊదమాకు, తుంపర పడుతుంది. కార్డు అంచున ఉన్న బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు లేకుండా తుడువు. మళ్ళీ గుచ్చేటప్పుడు వీడియో కార్డుని ఆనుకుని ఉన్న స్లాట్‌లో పెట్టమాకు. చాలా బోర్డుల్లో ఆ స్లాట్‌కీ వీడియో కార్డుకీ ఇంటరప్ట్ ఒకటే, పంచుకోవడం తప్పు కాకపోయినా వేరే స్లాట్ ఖాళీగా ఉంటే అదే మేలు. ఇంకో సంగతి, బ్రాకెట్ స్క్రూ గట్టిగా బిగించేసరికి కార్డు వెనక కొస స్లాట్‌లోంచి ఒక వెంట్రుక వాసి పైకి లేస్తుంది. కంటికి కనపడదు, కార్డు మాత్రం పలకదు. స్క్రూ బిగించాక ఇంకోసారి వేలితో రెండు కొసలూ నొక్కి చూడు. పాడైపోయాయని నా దగ్గరికి తెచ్చిన కార్డుల్లో ఈ రకం బాగానే ఉండేవి.

ఆ చేత్తోనే బోర్డు మీద ఉన్న బిళ్ళ బ్యాటరీ మార్చెయ్, సీఆర్ 2032. మీ స్లిప్పుల మీద తేదీ ఎప్పుడో ఇరవై ఏళ్ళ నాటిది పడుతోందని పోయిన నెల నువ్వే నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలా. ఆ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే బయాస్ తేదీ ఒక్కటే కాదు, పెట్టిన సెట్టింగులన్నీ మర్చిపోతుంది. కరెంటు పోయిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు కొత్త డిస్కు తగిలించకుండా ఉత్త కార్డుతోనే, పాత ఐడీఈ డిస్కు మీద కంప్యూటర్‌ని లేపు. డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్ళు. ఏదీ మార్చే ముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకో. మా రోజుల్లో ఇదంతా నోటుబుక్కులో రాసుకునేవాళ్ళం, నీకు ఆ తిప్పలు లేవు. పీఎన్‌పీ/పీసీఐ అనే పేజీలో రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చెయ్యి. అంటే పాత పంపకం రద్దు చేసి, కొత్త కార్డుని కలుపుకుని మళ్ళీ పంచమని చెప్పినట్టు. ఒక్కసారి అయ్యాక అది తనంతట తనే డిసేబుల్‌కి పోతుంది.

కంప్యూటర్ లేచేటప్పుడు తెర మీద కార్డు తన పేరు చెప్పుకోవాలి. కార్డు మీద ఉన్న చిన్న రోమ్ చిప్పులోని ప్రోగ్రాం అది, ఆప్షన్ రోమ్ అంటారు. బయాస్ దాన్ని వెతికి నడిపిస్తేనే ఆ కార్డుకి తగిలించిన డిస్కు మీద నుంచి కంప్యూటర్ లేవగలదు. పేరు కనపడకపోతే బోర్డు మీద ఉన్న లాన్ బూట్ రోమ్‌ని డిసేబుల్ చేసి చూడు. ఈ చిన్న ప్రోగ్రాంలకి పాత బోర్డుల్లో చోటు చాలా తక్కువ, మీరు వాడని నెట్‌వర్క్ బూటింగ్ ఆ చోటు తింటుంది. కార్డు పేరుతో పాటు రెయిడ్ మెనూకి ఫలానా కీ నొక్కమని కూడా వస్తుంది. నొక్కమాకు. అందులో ఏదన్నా సెట్ తయారు చేస్తే డిస్కు మీద ఉన్నది పోతుంది. నీకున్నది ఒక్క డిస్కు, నీకు రెయిడ్‌తో పనిలేదు.

తర్వాత విండోస్ వంతు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఒక పరికరం ఉంటుంది. డబ్బా మీద ఏ కంపెనీ పేరుందో పట్టించుకోకు, చిప్పు ఎవరిదన్నదే లెక్క. ఆ పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే నంబర్లుంటాయి. వెండర్ 1095 అయితే సిలికాన్ ఇమేజ్, 1106 అయితే వయా. పీసీఐ సాటా కార్డుల్లో ఎక్కువ ఈ రెండే. సిలికాన్ ఇమేజ్ 3112, 3114 అయితే నీకు పెద్దగా ఇబ్బంది ఉండదు. వయా 6421 అయితే ఒక చిక్కుంది. అది సెకనుకి 1.5 గిగాబిట్ల కాలానిది, తర్వాత వచ్చిన వేగమైన డిస్కులు కొన్నిటితో దానికి మాట కుదరదు. హార్డ్ డిస్కులు కొన్నిటికి వెనక జంపర్ పెట్టి వేగం 1.5కి తగ్గించొచ్చు. కొత్త డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే ఆ సదుపాయం ఉండదు. నీ కార్డు వయాదైతే, డిస్కు కనపడకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అప్పుడు మాత్రం కార్డు మార్పించుకో, అదీ పాడైందని కాదు, మనకి పనికొచ్చేది కాదని.

డ్రైవర్ ఎక్కించి, పసుపు గుర్తు పోయిందని చూసుకున్నాకనే కొత్త డిస్కు తగిలించు. నువ్వు దీన్ని తిరగేసి చేశావు, అందుకే ఇంత గొడవ. ఎక్స్‌పీకి ఈ కార్డు డ్రైవర్ పుట్టుకతో ఉండదు. డ్రైవర్ లేకుండా పాత డిస్కుని కొత్తదాంట్లోకి కాపీ చేసి, దాని మీద నుంచి లేపబోతే సగంలో నీలి తెర పడుతుంది, 7బి అని చివర్న ఉంటుంది. అంటే "నేను లేవాల్సిన డిస్కే నాకు కనపడట్లేదు" అని విండోస్ చెప్పుకోవడం. చాలామంది దాన్ని చూసి డిస్కు పాడైందనుకుంటారు.

కాపీ అయ్యాక కంప్యూటర్ ఆపేసి, పాత ఐడీఈ డిస్కు తీగ పీకి, అప్పుడు కొత్తదాని మీద లేపు. రెండూ తగిలించి ఉంచి మొదటిసారి లేపితే ఎక్స్‌పీ సీ డ్రైవ్ ఏదో తికమక పడుతుంది. సగం పాత డిస్కు మీద, సగం కొత్త డిస్కు మీద నడుస్తుంటుంది, ఆ సంగతి నువ్వు పాతది తీసేసిన రోజునే బయటపడుతుంది. బయాస్ బూట్ వరసలో కార్డు మీది డిస్కు నీకు హార్డ్ డిస్కు పేరుతో కనపడదు. కొన్ని బోర్డుల్లో స్కసీ అని, కొన్నిటిలో బూటబుల్ యాడ్ ఇన్ కార్డ్స్ అని ఉంటుంది. దాన్ని పైకి తీసుకురా.

డిస్కుకి కరెంటిచ్చే కన్వర్టర్ తీగ కొనేటప్పుడు కనెక్టర్ మొత్తం ఒకే ప్లాస్టిక్ ముద్దలా పోతపోసినది తీసుకోకు. అవి లోపల షార్ట్ అయి కాలిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా గుచ్చి ఉన్న రకం అడుగు.

వేగం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సెకనుకి 500 మెగాబైట్లని ఉంటుంది. పీసీఐ దారి మొత్తం కలిపి సెకనుకి 133 మెగాబైట్లే, అదీ అందరితో పంచుకోవాలి. అయినా తేడా తెలుస్తుంది, వెతుక్కునే ఆలస్యం పోతుంది గనక. సైజు కూడా పెద్దది అక్కర్లేదు. 120 జీబీ మీకు పదేళ్ళకి సరిపోతుంది. పైగా పాత బయాస్‌లకీ, సర్వీస్ ప్యాక్ 1 లేని ఎక్స్‌పీకీ 137 జీబీ దగ్గర గోడ ఉంది. 120 అయితే ఆ గోడ దాకా వెళ్ళే పనే లేదు.

ఇంక బరువు రాకపోవడం. ఇందులో కార్డు పాత్ర ఏమీ లేదని నా నమ్మకం. కంప్యూటర్ లేవకపోయేసరికి నువ్వు బయాస్‌లో లోడ్ డిఫాల్ట్స్ కొట్టావు కదూ? అక్కడ జరిగింది. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ పేజీలో ఆన్‌బోర్డ్ సీరియల్ పోర్ట్ 1 ఎట్లా ఉందో చూడు. ఆటో అనో, డిసేబుల్డ్ అనో, 2ఎఫ్8 అనో ఉంటుంది. దాన్ని 3ఎఫ్8/ఐఆర్‌క్యూ4 కి మార్చు. కామ్ 1 అంటే అదే. మీ ప్రోగ్రాం కాలానివి చాలావరకు కామ్ 1 అనే పేరుతోనే విండోస్‌ని పోర్టు అడుగుతాయి. ఆ పేరుతో పోర్టు లేకపోతే బరువు సున్నా. ప్యారలల్ పోర్టు కూడా 378/ఐఆర్‌క్యూ7 మీద ఉందో లేదో అప్పుడే చూసుకో, లేకపోతే రేపు స్లిప్పు రావట్లేదని మళ్ళీ ఫోన్ చేస్తావు.

ఎవరన్నా "కామ్ పోర్టు పోయినట్టుంది, పీసీఐ సీరియల్ కార్డు వేద్దాం" అంటే ఒప్పుకోమాకు. ఆ కార్డు పోర్టుకి బయాస్ ఇచ్చే చిరునామా వేరే ఎక్కడో ఉంటుంది. విండోస్ దానికి కామ్ 3 అని పేరు పెడితే, కామ్ 1 కోసమే వెతికే ప్రోగ్రాం దాన్ని చూడదు. డబ్బులు దండగ.

పోర్టు సరైన చోట ఉన్నా బరువు రాకపోతే బాడ్ రేటు చూడు. ఇండికేటర్ 2400తో పంపుతుండగా ప్రోగ్రాం 9600తో వింటే పిచ్చి అక్షరాలు వస్తాయి. సరిచెయ్యాల్సింది కంప్యూటర్ వైపే. ఇండికేటర్‌కి తూనికలు, కొలతల శాఖ వాళ్ళ సీలుంటుంది. దాని జోలికి పోయి సీలు కదిపావంటే ఓనరుగారికి నోటీసు వస్తుంది.

సీరియల్ తీగని కరెంటు ఉండగా పీకడం, పెట్టడం చెయ్యకు. మీ గదిలో కరెంటు ప్లగ్గు మూడో పిన్నుకి ఎర్త్ ఉందా? టెస్టర్ పెట్టి కంప్యూటర్ డబ్బాని తాకించు. వెలిగితే ఎర్త్ లేనట్టే. ఎర్త్ లేని డబ్బా దాదాపు సగం కరెంటు మీద తేలుతుంటుంది. కాటా కింద ఇనుము భూమిలోకి దిగి ఉంటుంది. ఆ రెంటినీ కలిపేది సీరియల్ తీగలోని అయిదో పిన్ను. ఇంక ఆ తేడా పోర్టు చిప్పుని దెబ్బతియ్యొచ్చు. ఉరుములు, మెరుపులు వచ్చిన రాత్రి కాటాల దగ్గర పోర్టులు కాలిపోవడానికి ఇదీ ఒక కారణమే. ఓనరుగారిని ఒప్పించి ఒక మంచి ఎర్త్ గుంట తవ్వించు, బొగ్గు, ఉప్పు వేసి. కార్డు ఖరీదు కన్నా ఎక్కువే అవుతుంది, అయినా నన్నడిగితే ముందు పెట్టాల్సిన ఖర్చు అదే.

గది సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు రాని రోజుండదు, మీ ఊరు దానికి ఎంతో దూరం లేదు. ఆ రేకుల కింద కంప్యూటర్ డబ్బా మూత తీసి ఫ్యాన్ పెడుతున్నారట. సున్నపు పొడి లోపలికి తోలడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. మూత మూసి, గాలి వచ్చే దారికి పలచటి గుడ్డ జల్లెడ కట్టి, వారానికోసారి ఉతుకు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేసింది. ఆ కంప్యూటర్‌కి నెట్ ఇవ్వమాకు, పాటల పెన్ డ్రైవులు గుచ్చనివ్వమాకు. అది బరువు చూసి స్లిప్పు కొట్టే యంత్రం, అంతవరకే. ఇంత చేసినా దానికి ఇంకో రెండు మూడేళ్ళకి మించి ఆయుష్షు నేను చెప్పను. ఈలోపు ఓనరుగారితో కొత్త ప్రోగ్రాం మాట కదిలించు. బోర్డు పోయిన రోజున లారీలు రోడ్డు మీద ఆగి ఉండగా ఆ మాట మొదలుపెడితే ఎవరు ఎంత చెబితే అంత ఇచ్చుకోవాలి.

పని పూర్తయ్యాక బయాస్ పేజీల ఫోటోలు ప్రింటు తీసి గోడకి అంటించు. ఏ కార్డు, ఏ చిప్పు, ఏ స్లాట్, కామ్ 1 ఎక్కడ, బాడ్ రేటు ఎంత, ఒక కాగితం మీద రాసి డబ్బా లోపలి వైపు టేపు వెయ్యి. నువ్వు రేపు మాచర్ల వెళ్ళి సొంతంగా షాపు పెట్టుకుంటే, ఆ తర్వాత మూత తీసేవాడికి అదే ఆధారం.

తీసేసిన ఐడీఈ డిస్కుని మాత్రం చెరపమాకు, ఎవరికీ అమ్మమాకు. ఒక నెల స్లిప్పులు, నెలాఖరు లెక్కా కొత్త డిస్కు మీద సరిగ్గా వచ్చేదాకా దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. కార్డు మీద వెండర్ నంబరు ఏముందో చూసి రేపు సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చెయ్యి, హారన్లు లేని చోట నుంచి.

ఆశీస్సులతో
మీ మామయ్య